కోడికి కట్టిన కోక

మా ఊరి మీదుగా హైదరాబాదునించి బెజవాడకి పోయే రోడ్డు నంబరు 65. మా పిల్లలు సెలవలకి వచ్చినప్పుడల్లా "అమ్మా, చెయ్యవూ" అని అడిగే కోడి నంబరూ 65. ఈ రెంటికీ చుట్టరికమేమీ లేదు గానీ, గరికపాడులో కాపరం చేస్తున్న నాకు రెండూ ఒకలాగే కనిపిస్తాయి. తెలంగాణ దాటి ఆంధ్రాలోకి దిగే లారీలకి తెరిపి లేదు. పిల్లలున్నన్నాళ్ళూ మా పొయ్యి మీద మూకుడికీ తెరిపి లేదు.

అలాంటి ఇంట్లో, పోయిన కార్తీకంలో, నాకు షుగరని తేలింది. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఉంటుందే, అందులో 6.5 వస్తేనే షుగరున్నట్టు లెక్క. నాకు 8.6 వచ్చింది. పరీక్షల్లో ఇన్ని మార్కులు నాకు బి.ఏ.లో కూడా రాలేదు.

మన తెలుగువాళ్ళలో రోగులకంటే వైద్యులే ఎక్కువని మర్నాటికల్లా అర్థమైంది. ఎదురింటావిడ మంతెన సత్యనారాయణరాజుగారి పద్ధతిలో ఉప్పూ నూనే మానెయ్యమంది. మా ఆడపడుచు ఖాదర్‌వలీగారు చెప్పిన కొర్రలూ సామలూ వండుకోమంది. మావారి స్నేహితుడొకాయన వీరమాచనేని రామకృష్ణగారి పద్ధతే మేలన్నాడు. కొబ్బరినూనె, నిమ్మకాయలు, రోజుకి నాలుగు లీటర్ల నీళ్ళు, గింజన్నది మాత్రం నోట పడకూడదు. 2018 ప్రాంతాల్లో ప్రతి వీధిలోనూ ఒకరైనా ఆ పద్ధతి పట్టినవాళ్ళుండేవారు, జ్ఞాపకముందా? ఒకరు నూనె వద్దంటే ఒకరు నూనె తాగమంటారు. మధ్యలో నేను.

చివరికి నా సొంత తెలివితో గింజ మానేశాను. అన్నం లేదు, రొట్టె లేదు. కూరా, గుడ్డూ, మజ్జిగా. అంతవరకూ బాగానే ఉంది గానీ, ఆ సంగతి డాక్టరమ్మకి చెప్పలేదు. మాత్ర మాత్రం యథాప్రకారం మింగుతున్నాను. నాలుగోనాడు పెరట్లో బట్టలారేస్తుంటే చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమటలు, కళ్ళు బైర్లు కమ్మాయి. తిండిలేక పడిపోతున్నాననుకుని మా అత్తగారు ఇంత బెల్లం నీళ్ళలో కలిపి తాగించారు. తెలియకుండానే ఆవిడ సరైన మందు వేశారు. అది షుగరు బాగా పడిపోయిన లక్షణమట. "అన్నం తగ్గించుకోవడం మంచిదే. కానీ అన్నం ఉన్నప్పటి లెక్కకిచ్చిన మాత్ర, అన్నం లేనప్పుడు అలాగే వేసుకుంటారా ఎవరైనా? నాకు చెప్పి చెయ్యద్దూ?" అని డాక్టరమ్మ మందలించి మాత్ర సగం చేసింది. అంచేత ఎవరి పద్ధతి పట్టినా, మాత్రలు మింగేవాళ్ళు ముందు ఆ రాసిచ్చినవాళ్ళని అడగండి. ఇది అనుభవించి చెబుతున్న మాట.

అంతా ఒక ఎత్తు, సంక్రాంతి ఒక ఎత్తు. కనుమనాడు ఇల్లంతా గారెలూ, నాటుకోడి పులుసూ. పిల్లలకి పైన కరకరలాడే కోడి కావాలి. మైదా, మొక్కజొన్న పిండి, బ్రెడ్డు పొడి అన్నీ తెచ్చిపెట్టుకున్నారు. అందరికీ వేయించి వడ్డించి, నేను కీరదోస ముక్కలు నముల్తూ కూర్చుంటే, నిజం చెప్పొద్దూ, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిండికోసం ఏడ్చానంటే నవ్వుతారేమో. తిండికోసం కాదు. ఇరవై అయిదేళ్ళుగా మావారి బీపీకి ఉప్పు తక్కువా, అబ్బాయికి కారం తక్కువా వేరువేరుగా వండినదాన్ని, నాకోసం ఒక మూకుడు పెట్టుకోవడానికి నాకే సిగ్గేసింది.

అయినా సాయంత్రం పట్టుదలగా లేచాను. "బాదం పొడి అద్దమ్మా" అంది మా అమ్మాయి. బాదం ధర తలుచుకుని, డబ్బాలో ఉన్న వేరుసెనగ గుళ్ళు తీశాను. వాటిలో ఇన్ని నువ్వులు వెయ్యబోతుంటే మా అత్తగారు, "గింజ తినకూడదంటివి. నువ్వులు నవధాన్యాల్లోవి కావూ?" అన్నారు. నిజమే సుమండీ! శాస్త్రం ప్రకారం నువ్వులూ ధాన్యమే. "పిండిపదార్థం ఎక్కువున్నవే వద్దన్నారు, అత్తయ్యా. ఇవి నూనెగింజలు" అని చెప్పుకుని బయటపడ్డాను.

పెరుగులో నానిన ముక్కల్ని గుడ్డుసొనలో ముంచి, పొడిలో దొర్లించి, సలసల కాగే నూనెలో వేశానా! నిమిషంలో పొడంతా ఊడి నల్లగా తేలింది. ముక్కలు తెల్లగా అడుగున కూర్చున్నాయి. మా అత్తగారు మూకుట్లోకి తొంగిచూసి, "కోడి ఒకచోట, కోక ఒకచోట" అన్నారు. పిల్లలు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, పొయ్యి ఆర్పేసి వెళ్ళి పడుకున్నాను.

ముక్కనుమనాడు పొద్దున్నే లేచి చూద్దును కదా, ఎనభై ఏళ్ళ మా అత్తగారు వంటింట్లో పీట వేసుకుని, కోడిముక్కల్ని పాత పంచెగుడ్డతో ఒక్కొక్కటే అద్దుతున్నారు. "తడిగోడ మీద పిడక నిలుస్తుందటమ్మాయ్? జారిపడదూ?" అన్నారు. ఆ ఒక్కమాటతో నా తప్పంతా తెలిసొచ్చింది. మైదాలో జిగురుంటుంది, కాస్త తడినీ పీల్చుకుంటుంది. వేరుసెనగ పొడికి ఆ గుణం లేదు. దాన్ని ముక్కకి అంటిపెట్టేది వేడికి గట్టిపడే గుడ్డుసొన ఒక్కటే. పైగా గుళ్ళలో నూనె ఉంది గనక లోపల ఉడికేలోగా పైన మాడుతుంది.

ఆవిడ చేసినట్టే చెబుతాను. అరకిలో ఎముకల్లేని ముక్కల్ని పల్చగా కోసి, రోకలితో మెల్లిగా తట్టి, ఉప్పూ, పసుపూ, కారం, అల్లంవెల్లుల్లీ పట్టించి, గంటాగి తడి లేకుండా అద్దాలి. పెరుగు వద్దు. కప్పు పచ్చి వేరుసెనగ గుళ్ళు, అరకప్పు ఎండుకొబ్బరి తురుము, రెండు చెంచాల నువ్వులు ఆపి ఆపి బరకగా తిప్పాలి. ఒక్కసారిగా తిప్పితే ముద్దవుతుంది. ముందు కాస్త పొడి అద్ది, గిలక్కొట్టిన గుడ్డులో ముంచి, మళ్ళీ పొడిలో నొక్కి పది నిమిషాలు అలా వదిలెయ్యాలి. పెనం మీద కొద్దిపాటి నూనెతో, సన్నటి సెగన, ఒక పక్క గట్టిపడేదాకా గరిటె పెట్టకుండా ఓపికపట్టాలి. తరవాత తిప్పి రెండో పక్క. ముక్క విరిస్తే లోపల ఎర్రదనం ఉండకూడదు. అంతే.

"మీకెందుకత్తయ్యా ఈ శ్రమ? అన్నం తినని కోడలని నలుగురూ నవ్వుకుంటారేమో" అన్నాను.

"నవ్వనీ. 1967లో సాగర్ నీళ్ళు వదిలాక గదమ్మా మన మెట్టలో ఇంత వరి! నేను కాపరానికొచ్చిన కొత్తల్లో వరన్నం పండక్కీ పెళ్ళికీనే. మిగతా రోజులన్నీ జొన్నన్నమే" అన్నారు. కాసేపాగి, ముక్క తిప్పుతూ, "ఆడదానికి వేరే వంటంటూ ఎవరైనా చేస్తే బాలింతగా ఉన్నప్పుడే. పాత బియ్యం, వెల్లుల్లి కారం, వేన్నీళ్ళు. ఆ నెలరోజులే మన భోగం. నీకిది మూడో పురుడనుకో" అన్నారు.

నేనేమీ అనలేకపోయాను.

డైటనేది కొత్తగా వచ్చిందనుకున్నాను గానీ, మనకి పథ్యమనే మంచిమాట ఎప్పటినించో ఉంది. అయితే పథ్యమంటే తినేవాళ్ళు ఒకరూ, దాన్ని వండి కాపాడేవాళ్ళు ఇంకొకరూ ఉండాలి. అది మనం ఇంట్లో అందరికీ చేస్తాం. మనకి మనం చేసుకోం.

మూడు నెలల తరవాత పరీక్షలో 7.1 వచ్చింది. మాత్రా, నడకా, పథ్యమూ అన్నీ కలిస్తేనే అనుకోండి. రోజూ మధ్యాహ్నం మా అత్తగారు వసారాలోంచి "అన్నం తిన్నావా అమ్మాయ్?" అని కేకేసేవారు. ఇప్పుడు "తిన్నావా అమ్మాయ్?" అంటున్నారు.

ఎండాకాలం సెలవలకి పిల్లలొచ్చారు. వాళ్ళ కోడి వదిలేసి నా పళ్ళెంలో చేతులు పెట్టబోతే, మా అత్తగారు గరిటె ఎత్తారు. "అది మీ అమ్మ పథ్యంరా! తియ్యండి చేతులు!"