మా చిన్నోడి గేమింగ్ ల్యాప్‌టాప్

రండి, ఇట్ల గోడ కాడికి రండి. కుక్కర్ కూత వేసేదానికి ఇంకా టైముంది. రాత్రిపూట మా ఇంట్లో బుస్సుమని ఏందో సద్దు వస్తా ఉండాదని మీరు అనుకుంటానే ఉంటారు, అడగలేదంతే. మీ సంగతి నాకు తెలీదా! మిక్సీ కాదు, కూలర్ కాదు. మా చిన్నోడు గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నాడు. సొంత జీతంతో.

ఎత్తి చూస్తిని, రెండున్నర కిలో ఉంటాది. దాని ఛార్జరు ఇంకోటి, ఇటుకరాయంత. కీబోర్డు కింద రంగురంగుల లైట్లు. తెచ్చిన పొద్దే దేవుడింట్లో పెట్టి బొట్టు పెట్టినాను. కొత్త బండిని అలిపిరికి తీసకపోయి పూజ చేయించే ఊరు మనది, దీనికి మాత్రం బొట్టు వద్దా? "అమ్మా, గాలి పోయే కాడ పసుపు పూయొద్దు" అని వాడు పక్కనే కాపలా. మూత మీద ఒక మూల చిన్న బొట్టుతో సరిపెట్టినాం. ఇంకా ఉంది, తుడవనీను.

మా మేడ మీద అద్దెకుండే అమ్మాయి తెలుసు కదా, శ్రీసిటీలో ఫోన్లు బిగించే లైన్లో పని చేస్తాది. 2015లో షావోమీ వాళ్ళు మన దేశంలో ఫోన్లు చేయడం మొదలుపెట్టింది అక్కడే. ఆ పిల్ల వచ్చి లైట్లు చూడనే లేదు. ల్యాప్‌టాప్‌ని తిరగేసి అడుగున గాలి బొక్కలు చూసింది. "దీన్ని పరుపు మీద మాత్రం పెట్టొద్దు అన్నా" అనింది. పని తెలిసిన బిడ్డ, నాకు భలే నచ్చింది.

పరుపు మీద ఎందుకొద్దంటే, లోపల బొమ్మలు గీసేదానికే వేరేగా ఒక చిప్పు ఉంటాది. అదీ ప్రాసెసరూ కలిసి పనికి దిగితే వేడే వేడి. ఆ వేడిని బయటికి తోసేదానికి రెండు ఫ్యాన్లు. మీకు వినపడే సద్దు అదే. ఇంక మన తిరుపతి ఎండలు చెప్పాలా, మే నెలలో నలభై దాటితే మనుషులకే ఊపిరాడదు. వాడి పడమటి గదిలో ఆ ఎండకు వాడికీ కుదర్లా, దానికీ కుదర్లా. ఇప్పుడు హాల్లో కిటికీ కాడ చెక్క టేబుల్ మీదికి వచ్చింది కాపురం. ఎప్పుడూ తలుపు మూసుకోని కూర్చునే పిల్లోడు, ఇప్పుడు నా కళ్ళ ముందరే ఉంటాడు. సంగటి ముద్ద చేతికిస్తే తింటాడు, ఆఫీసు కబుర్లు చెప్తాడు. వాళ్ళ నాయన కూడా పేపరు పక్కన పెట్టి వాడు ఆడే కార్ల పందెం చూస్తా ఉంటాడు. నాకు అదే సంతోషం.

కరెంటు బిల్లు అంటారా? నేనూ అదే అడిగినా. గట్టిగా ఆడితే 200 వాట్లు లాగుతాదంట, అంటే అయిదు గంటలకు ఒక యూనిట్టు. ఏసీ ముందర అదెంత! కరెంటు పోతే తెర ఆరిపోదు గానీ ఆట మందగిస్తాది. ఛార్జరు ఉంటేనే ఆ చిప్పుకు పూర్తి బలం. బ్యాటరీ 80 శాతం కాడ ఆగిపోతే చెడిపోయిందని కంగారు పడొద్దు, వాడే అట్ల పెట్టినాడు. పొద్దస్తమానం ప్లగ్గులో ఉండేదాన్ని నిండా ఎక్కించి ఉంచితే బ్యాటరీ తొందరగా అరిగిపోతాదంట.

అన్నిట్లోకీ నాకు నచ్చింది ఆ తెర. మామూలు తెర సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తాది, ఇది 144 సార్లు. మౌసు కదిపితే బాణం ఎంత నున్నగా జారతాదో! ఆట రాకపోయినా ఊరికే అటూ ఇటూ తిప్పతా కూర్చున్నా.

మీ పాప కూడా కొనమంటా ఉందంట కదా, మీరు చెప్పకపోయినా తెలిసిందిలే. ఆటలకని భయపడొద్దు, ఇంజినీరింగు పిల్లకు బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లకూ, వీడియోలు కోసి అతికేదానికీ ఆ చిప్పే ఆదరువు. కొనే ముందర ఇంట్లో ఏ కిటికీ కాడ, ఏ ప్లగ్గు కాడ పెడతారో చూసుకోండి. సాయంత్రం పాపను తీసుకోని రండి, వాడు ఆరుకంతా వచ్చేస్తాడు. అదిగో, కుక్కర్ కూసింది!