ఆవిరి దగ్గర పొదుపు

మావారు ఎరువుల ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇంజనీరు. పెళ్లయి 22 ఏళ్లయినా, ఆయన పనేమిటని ఎవరైనా అడిగితే "యూరియా తయారీ" అని ఊరుకునేదాన్ని. మా అమ్మాయి కెమిస్ట్రీ చదువు పుణ్యమా అని ఈమధ్యే కాస్త అర్థమైంది.

సహజవాయువులో ఎక్కువగా ఉండేది మీథేన్. దాన్ని నీటి ఆవిరితో కలిపి, నికెల్ పట్టించిన పింగాణీలాంటి బిళ్లలు నింపిన పొడవాటి గొట్టాల్లోంచి, 800 డిగ్రీల వేడిలో పంపుతారు. హైడ్రోజన్ వస్తుంది. దాంతో అమోనియా, అమోనియాతో యూరియా. ఆ బిళ్లల్ని అక్కడ కేటలిస్ట్ అంటారు, మా తెలుగు పుస్తకాల్లో ఉత్ప్రేరకం. అన్ని పనులూ జరిపిస్తుంది, తను మాత్రం ఎక్కడా లెక్కలోకి రాదు. (ఎవరో గుర్తొస్తున్నారు కదూ!)

లెక్కలోకి రాకపోయినా పాడవుతుందండీ. మొదటి శత్రువు గంధకం. సిలిండర్ లీకైతే ఘాటు వాసన వస్తుందే, అది గంధకం ఉన్న మెర్కాప్టాన్‌ది. మనల్ని కాపాడే ఆ గంధకమే నికెల్‌కి విషం. అందుకే గ్యాసుని ముందే జింక్ ఆక్సైడ్ మీదుగా పంపి గంధకాన్ని తీసేస్తారు.

రెండోది మసి. ఆవిరి చాలకపోతే మీథేన్ విరిగి, బిళ్లల మీద కర్బనం పేరుకుంటుంది. అక్కడ పని ఆగిపోతుంది, మంట వేడిని తీసుకునేదేదీ ఉండదు, గొట్టం మీద ఎర్రటి మచ్చలు తేలతాయి. కొలిమికున్న చిన్న కిటికీలోంచి చూసి కనిపెట్టాలి. వదిలేస్తే గొట్టం పగలచ్చు. లెక్క ప్రకారం ఒక పాలు మీథేన్‌కి ఒక పాలు ఆవిరి చాలు. అయినా మూడు పాళ్ల దాకా ఇచ్చేది ఇందుకే.

కానీ ఆవిరి ఊరికే రాదు, ఇంధనం కావాలి. ఒక ఏడాది పైఅధికారి ఒకాయన ఖర్చు తగ్గాలి, ఆవిరి తగ్గించమన్నారు. "కాగితం మీద రాసివ్వండి, లాగ్‌బుక్‌లో ఎక్కిస్తాను" అన్నారు మావారు. ఆయన రాసివ్వలేదు, ఈయన తగ్గించలేదు. ఆ ఏడాది ప్రమోషన్ జాబితాలో మావారి పేరు లేదు.

సరిగ్గా అమ్మాయి ఇంటర్‌లో చేరిన ఏడాది. ఫీజుకి నా గొలుసు బ్యాంకుకెళ్లింది. "చెప్పినట్టు చేస్తే నీ సొమ్మేం పోయిందిరా?" అన్నారు అత్తయ్యగారు.

"రాత్రి డ్యూటీలో ఆ కొలిమి పక్కన నలుగురు కుర్రాళ్లుంటారమ్మా" అన్నారాయన, అన్నం కలుపుకుంటూ. ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నెయ్యి ఇంకో చెంచా వేశారు.

అధికారి మారాక, రెండేళ్లకి ప్రమోషన్ వచ్చింది. గొలుసు విడిపించడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది.