మోగ్లీ అడవి మా పుట్టింటి పక్కనే!

2016 వేసవిలో 'జంగిల్ బుక్' తెలుగులో చూసొచ్చిన దగ్గర్నుంచీ మా వాడిది ఒకటే గోల, "మోగ్లీ అడవికి పోదామమ్మా" అని. ఆ కథలోని సియోనీ ఎక్కడో మధ్యప్రదేశ్‌లో ఉంది. నలుగురం వెళ్ళాలంటే స్కూలు ఫీజుకు దాచిన డబ్బు తీయాల్సిందే. మా వారు మాట్లాడలేదు. వాడు అలిగి అన్నం మానేశాడు.

అప్పుడు తట్టింది, పోచారం అభయారణ్యం! నా పుట్టిల్లు ఎల్లారెడ్డికి దగ్గరే. 'ఆడపిల్లకు అడవెందుకు' అనేవాళ్ళు, అందుకే నేనూ చూడలేదు.

దసరా సెలవుల్లో పులిహోర, గారెలు కట్టుకుని కామారెడ్డిలో బస్సెక్కాం. ఎల్లారెడ్డిలో అమ్మనూ వెంటబెట్టుకున్నాం. 1922లో పూర్తయిన పోచారం చెరువు గట్టున భోజనాలు చేశాం.

"బఘీరా ఏడీ?" వాడి మూతి ముడుచుకుంది.

"పగటి పూట పండుకుంటడు బిడ్డా" అంది అమ్మ.

ఇంతలో చుక్కల దుప్పులు మందగా పరుగెత్తాయి. వాడు నోరు తెరిచి చూస్తుండిపోయాడు. నేను వాణ్ణి చూసి మురిసిపోతుంటే అమ్మ మెల్లగా అంది, "అరవై ఏండ్ల సంది ఈడనే ఉన్న. ఇయ్యాల్నే చూసిన."

నా కళ్ళు చెమర్చాయి. సినిమాలోని అడవి లాస్ ఏంజెలెస్ స్టూడియోలో, కంప్యూటర్లతో చేసిందట! మాది మాత్రం నిజం అడవి. ఈసారి సెలవులకు పిల్లలతోపాటు మీ అమ్మనూ తీసుకెళ్ళండి.