యయాతి – పూరుడు – ఒక బంతాట



తెలుగు పండితునికి అమెరికా వారి బంతాటతో పనేమిటని మీరు నవ్వుకోవచ్చు. మొదట నేనూ అలాగే నవ్వుకొన్నాను. 2022 నవంబరులో మేము దంపతులం విస్కాన్సిన్ రాష్ట్రంలోని యాపిల్టన్‌లో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్లి ఆరు నెలలు ఉన్నాము. బయట మోకాలిలోతు మంచు. ఆదివారం వచ్చిందంటే చాలు, ఊరంతా ఆకుపచ్చ, పసుపు రంగులు కట్టుకొనేది. పదేళ్ల మా మనుమడు వీపుమీద 12 అంకె ఉన్న చొక్కా తొడుక్కొని టీవీ ముందు కూర్చొనేవాడు. ఈ విద్యలో వాడే నా గురువు.

ఫుట్‌బాల్ అని పేరేగాని ఆ ఆటలో పాదానికి పని తక్కువ, చేతికే ఎక్కువ. పక్షానికి పదకొండు మంది. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి. సాగలేకపోతే బంతి ఎదుటివారి పాలవుతుంది. దాదాపు ప్రతి ప్రయత్నమూ క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాని చేతిమీదుగానే మొదలవుతుంది. బంతిని ఎవరికి విసరాలో, ఎవరి చేతికి అందించాలో అతడు రెండు మూడు క్షణాలలో తేల్చుకోవాలి. మన నాటకాలలో సూత్రధారి వంటివాడు. జట్టుకు ఒక్కడే సూత్రధారి. చిక్కంతా అక్కడే ఉంది.

యాపిల్టన్‌కు దగ్గరలోనే గ్రీన్ బే అనే ఊరు ఉంది. జనాభా సుమారు ఒక లక్ష. 1919లో పుట్టిన ప్యాకర్స్ జట్టు ఆ ఊరిదే. దానికి ధనవంతుడైన యజమాని అంటూ లేడు. అయిదు లక్షలకు పైబడిన సామాన్య జనం వాటాదారులు. ఆ వాటాకు లాభాంశం రాదు, లాభానికి అమ్ముకొనే వీలూ లేదు. అందువల్ల సూత్రధారి ఉంటాడా, పోతాడా అన్నది అక్కడ ఇంటింటి సమస్య. ఆ శీతకాలమంతా అంగడిలోనూ, గ్రంథాలయంలోనూ, మా అబ్బాయి ఇరుగుపొరుగు ఇళ్లలోనూ ఇదే మాట.

ఆ మాట వెనుక ఒక పూర్వకథ ఉన్నది. 1992 నుండి పదహారేళ్లపాటు బ్రెట్ ఫార్వ్ వారి సూత్రధారి. లీగు పోటీలలో వరుసగా 253 ఆటలు ఒక్కటీ తప్పకుండా ఆడాడు. 1997 జనవరిలో సూపర్ బౌల్ గెలిపించాడు. ఆయనకు 35 ఏళ్లున్నప్పుడు, 2005లో, జట్టువారు ఆరన్ రాడ్జర్స్ అనే కుర్రవానిని తెచ్చుకొన్నారు. ఆ కుర్రవాడు మూడేళ్లు పక్కన నిలబడ్డాడు. 2008 మార్చిలో ఫార్వ్ కన్నీళ్లతో విరమణ ప్రకటించి, వేసవిలో మనసు మార్చుకొని మళ్లీ వస్తానన్నాడు. జట్టు అప్పటికే కుర్రవానికి మాట ఇచ్చి ఉంది. పెద్దాయనను ఆగస్టులో న్యూయార్క్ జెట్స్ జట్టుకు పంపించివేశారు. ఊరు రెండుగా చీలింది. 2011 ఫిబ్రవరిలో రాడ్జర్స్ సూపర్ బౌల్ గెలిచేసరికి చీలిన ఊరు మళ్లీ ఒకటైంది.

కాలచక్రం తిరిగింది. 2020లో రాడ్జర్స్‌కు 36 ఏళ్లు. జట్టువారు జోర్డన్ లవ్ అనే మరొక కుర్రవానిని తెచ్చారు. రాడ్జర్స్ ఆ ఏడూ, మరుసటి ఏడూ లీగులో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. 2022లో సుమారు 15 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అంతటివానిని ఎవరు పొమ్మంటారు? లవ్‌కు వచ్చినది నాలుగేళ్ల ఒప్పందం. అందులో మూడేళ్లు నిలబడి చూడటంతోనే గడిచిపోయాయి.

2023 జనవరి 8 రాత్రి. ఆ సంవత్సరపు ఆఖరి ఆట. గెలిస్తే ముందుకు, ఓడితే ఇంటికి. డెట్రాయిట్ లయన్స్ చేతిలో 20–16తో ఓడిపోయారు. ఆట ముగిశాక ప్రత్యర్థి జట్టులోని ఒక కుర్రవాడు మర్యాదగా రాడ్జర్స్ చొక్కా అడిగాడు. ఆయన దానిని తానే ఉంచుకొంటానన్నాడు. అది విని మా మనుమడు ఏడ్చాడు. నా కన్ను మాత్రం గీత అవతల టోపీ పెట్టుకొని నిలుచున్న వానిమీద పడింది.

"వాడెవరురా?"

"లవ్, తాతయ్యా. వాడు ఆడడులే."

ఆ తరువాత మూడు నెలలకు పైగా ఊరు ఊపిరి బిగబట్టింది. ఫిబ్రవరిలో రాడ్జర్స్ చీకటిగదిలో ఏకాంతవాసం చేసి ఆలోచించుకొన్నాడు. మార్చిలో జెట్స్‌కు ఆడదలచానన్నాడు. ఏప్రిల్ చివర, మేము పెట్టెలు సర్దుకొంటుండగా, ఆ మార్పిడి ఖాయమైంది. ఫార్వ్ వెళ్లిన ఊరికే రాడ్జర్స్ కూడా వెళ్లాడు! అన్ని రోజుల చర్చలో పెద్దాయన మనసులో ఏముందో ఊహించనివారు లేరు. కుర్రవాని మనసు అడిగినవారు మాత్రం నాకు కనబడలేదు.

తిరుగు ప్రయాణంలో విమానమంతా నాకు యయాతి గుర్తుకువచ్చాడు. శుక్రుని శాపంవల్ల ముదిమి పొందిన యయాతి, కొడుకులను యౌవనం అడిగాడు. నలుగురు కాదన్నారు, పూరుడు ఇచ్చాడు. వేయి సంవత్సరాలు భోగించి, కోరికకు తృప్తి లేదని తెలుసుకొని, యౌవనాన్ని తిరిగి ఇచ్చి పూరుని పట్టాభిషిక్తుని చేశాడు. ముప్పై ఏళ్లకు పైగా ఈ కథ చెప్పాను. యయాతి వైరాగ్యాన్ని వివరించాను, పూరుని త్యాగాన్ని పొగిడాను. కాని ఆ వేయి సంవత్సరాలు పూరుడు ఏమి చేస్తూ ఉన్నాడని ఒక్క విద్యార్థినీ అడుగలేదు. నన్ను నేనూ అడుగుకోలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగుల విరమణ వయస్సును 58 నుండి 60కి పెంచింది. 2016లో దిగిపోవలసిన నాకు 2018 వరకు గడువు దొరికింది. ఆ రోజు ఉపాధ్యాయుల గదిలో మిఠాయి పంచాను. సాయంత్రం నా పాత విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. పండిత శిక్షణ పూర్తిచేసి డీఎస్సీ కోసం ఎదురు చూస్తున్నవాడు. "చాలా సంతోషం మాస్టారూ" అని పాదాలకు నమస్కరించాడు. వాని చేతిలోనూ ఒక లడ్డు పెట్టాను. వాడు దానిని తినకుండా కాగితంలో చుట్టుకొని వెళ్లాడు. ఇంట్లో పిల్లలకోసమేమో అనుకొన్నాను.

ఉత్తర్వు నేను ఇచ్చింది కాదు. పని చేతకాక పట్టుకొని వేలాడలేదు కూడా. ఆ రెండేళ్లూ బాగానే చెప్పాను. రాడ్జర్స్ కూడా బాగానే ఆడాడు. తప్పు ఎవరిదని తేల్చడం నా ఉద్దేశం కాదు. ఉన్నవానికి దొరికిన ప్రతి సంవత్సరమూ ఎదురు చూస్తున్నవాని ఖాతాలోనుండే తగ్గుతుందని మిఠాయి పంచేటప్పుడు నాకు తోచలేదు. అదే నన్ను బాధిస్తున్నది.

2023 సెప్టెంబరు 11న జెట్స్ తరఫున మొదటి ఆటలో నాలుగు ప్రయత్నాలైనా పూర్తిగా గడవకముందే రాడ్జర్స్ మడమ వెనుక నరం తెగింది. ఆయనకు అలా కావలసింది కాదు. ఆ ఏడే లవ్ ప్యాకర్స్‌ను ముందుకు నడిపి, 2024 జనవరిలో డాలస్ కౌబాయ్స్‌ను వారి ఊరిలోనే 48–32తో ఓడించాడు.

నా విద్యార్థికి ఉద్యోగం రాలేదు. మండల కార్యాలయం ఎదుట జిరాక్సు దుకాణం పెట్టుకొన్నాడు. పింఛనుకు జీవన ప్రమాణపత్రం ఇవ్వడానికి ఏటా వాని దగ్గరకే వెళ్తాను. నేను బ్రతికే ఉన్నానని ప్రభుత్వానికి తెలియజేసేది వాడే. డబ్బు తీసుకోడు. కంప్యూటరులో తెలుగు వ్రాయడం నాకు నేర్పినదీ వాడే.

మొన్న వెళ్లినప్పుడు వానికి ఈ బంతాట కథ చెప్పాను. యంత్రంమీద నా బొటనవ్రేలు ఆనించి పట్టుకొని అంతా విన్నాడు.

"మరి ఆ టోపీ కుర్రవాడికి చివరకు అవకాశం వచ్చిందా మాస్టారూ?"

"వచ్చింది నాయనా."

"పోనీలెండి" అని, నా కాగితం నా చేతికిచ్చి, వెనుక వరుసలో ఉన్నవారిని పిలిచాడు.