ఒక సూది, రెండు ఎడ్లు

మూడు దశాబ్దాలకు పైగా వైద్యవృత్తిలో గడిపిన నన్ను నేటికీ వదలని తప్పులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి మనుషులకు సంబంధించినది కాదు.

1980వ దశకంలో ఆదిలాబాద్ జిల్లాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. విత్తనాలు వేసే రోజులు. ఒక ఉదయం పొరుగున ఉండే వృద్ధ రైతు వచ్చి, "సారూ, నాలుగు దినాల సంది ఎద్దు గడ్డి ముడుతలేదు. జర వచ్చి సూడుండ్రి" అన్నాడు. పశువైద్యశాల దూరం, వాగు పొంగి దారి తెగింది. వెళ్లి చూశాను. ఎద్దుకు జ్వరం ఉంది. కంటి లోపలి పొర పాలిపోయింది. వెనుక కాళ్లు వాచాయి. చెవుల వెనుక, గంగడోలు కింద గుత్తులుగా పిడుదులు, అంటే గోమార్లు.

నాకు నమ్మకమున్న మందు పెన్సిలిన్. మూడు రోజులు ఇచ్చాను. ముందుజాగ్రత్త అనుకొని జోడెద్దుకు కూడా అదే సూదితో ఇచ్చాను. మనుషులకైతే ప్రతిసారీ సూదిని మరిగించేవాణ్ణి. పశువే కదా అనుకున్నాను.

జ్వరం తగ్గలేదు. వాగు తీసిన తరువాత పశువైద్యులు వచ్చారు. ఎద్దు చెవి నుండి చుక్క రక్తం తీసి, గాజుపలకపై పూతగా పరచి, రంగు వేసి, మా మలేరియా పరీక్షల సూక్ష్మదర్శిని కింద పెట్టి నన్ను పిలిచారు. ఎర్రకణం లోపల దాగే మలేరియా పరాన్నజీవిని నిత్యం చూసిన కళ్లు నావి. ఇక్కడ కణం లోపల ఏమీ లేదు. పైన, అంచుల వెంట ఊదారంగు చుక్కలు, చిన్న ఉంగరాలు అంటుకొని ఉన్నాయి. "ఇది ఎపెరిత్రోజూన్. పెన్సిలిన్‌కు లొంగదు, టెట్రాసైక్లిన్‌కు లొంగుతుంది" అన్నారు.

ఆక్సిటెట్రాసైక్లిన్ మొదలుపెట్టిన వారానికి ఎద్దు మేతకు వచ్చింది. పక్షం తిరగకముందే జోడెద్దు జ్వరపడింది. "సూది మార్చారా?" అని మాత్రం అడిగారాయన. నేను జవాబు చెప్పలేకపోయాను. జబ్బు సోకింది నా సూది వల్లనా, పిడుదుల వల్లనా అన్నది తేలలేదు. అదును దాటిపోతూ ఉండగా, రైతు నీరసించిన ఆ ఎద్దును అంగడిలో సగం ధరకు అమ్ముకొని, కిరాయి ఎడ్లతో విత్తనం వేశాడు.

పెన్సిలిన్ ఎందుకు పనిచేయలేదో తరువాత చదివి తెలుసుకున్నాను. ఎపెరిత్రోజూన్ అంటే ఎర్రకణంపైని జీవి అని అర్థం. 2000 తరువాత, జన్యుపరీక్షల ఆధారంగా వీటిని మైకోప్లాస్మా కుటుంబంలో చేర్చారు. పశువులలో మైకోప్లాస్మా వెన్యోని, గొర్రెలలో ఓవిస్, పందులలో సూయిస్, కుక్కలలో హీమోకానిస్, పిల్లులలో హీమోఫెలిస్ అనే రకాలు కనిపిస్తాయి. మైకోప్లాస్మాలకు కణకవచం ఉండదు. పెన్సిలిన్ పనల్లా సూక్ష్మజీవి తన కవచాన్ని కట్టుకోకుండా అడ్డుకోవడమే. గోడే లేని జీవిపై ఆ మందుకు బలమేమి ఉంటుంది? టెట్రాసైక్లిన్ సూక్ష్మజీవి లోపల మాంసకృత్తుల తయారీని ఆపుతుంది, అందుకే పనిచేస్తుంది.

ఈ జబ్బు చాలా పశువులలో బయటపడకుండానే ఉండిపోతుంది. మేత చాలనప్పుడు, పని భారమైనప్పుడు, చూలుతో ఉన్నప్పుడు, మరో జబ్బు తోడైనప్పుడు తల ఎత్తుతుంది. జ్వరం, రక్తహీనత, ఒక్కోసారి కామెర్లు కనిపిస్తాయి. పాలు తగ్గుతాయి. పొదుగు, కాళ్లు వాస్తాయి. గొర్రెపిల్లలు ఎదగవు. థైలేరియా, బబీసియా వంటి పిడుదు జ్వరాలలోనూ దాదాపు ఇవే లక్షణాలు ఉంటాయి గనుక ఊహించి మందు వేయడం ప్రమాదం. రక్తపూతలో దొరకనిది పీసీఆర్ పరీక్షలో దొరకవచ్చు. మందుతో పశువు కోలుకున్నా సూక్ష్మజీవి రక్తంలో మిగిలిపోవచ్చు. ఆరోగ్యంగా కనిపించే పశువు నుండి కూడా సూది జబ్బును మోయగలదని చెప్పడం ఇందుకే.

మనుషులకు ఈ తరహా జబ్బు సోకడం చాలా అరుదు. ఇంగ్లండులో, న్యూ కాలెడోనియాలో కొన్ని కేసులు నమోదయ్యాయి. భయపడనక్కరలేదు. పశువుల రక్తాన్ని ముట్టుకునేటప్పుడు చేతికి తొడుగు ఉంటే చాలు.

ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నాను. ఈమధ్య ఒక పల్లెలో, మందలోని గొర్రెలన్నింటికీ ఒకే సూదితో మందు వేస్తున్న కుర్రవాణ్ణి చూశాను. ఆపి, నా ఎడ్ల కథ చెప్పాను. కొత్త సూదికి అయ్యే ఖర్చు కొద్ది రూపాయలే. మీ ఇంటి పశువుకు సూది వేసేవారిని ఆ ప్రశ్న మీరూ అడగండి. పశువు పాలిపోయి మేత మానితే 1962 నంబరుకు ఫోను చేయండి. సంచార పశువైద్యశాల వస్తుంది. మందుకు ముందు రక్తపరీక్ష చేయమని కోరండి. పిడుదుల మందును పశువైద్యుల సలహాతో పశువుకే కాక, కొట్టం గోడల పగుళ్లలో కూడా చల్లండి. అవి దాగేది అక్కడే.