అమ్మ వేలు

మా అమ్మకి చదువు రాదు. సంతకం అడిగితే ఎడంచెయ్యి బొటనవేలు చాపుతాది. మా ఇంటి చరిత్రంతా ఆ వేలి చుట్టూనే తిరిగింది.

కోనసీమలో కాలవగట్టు పక్కన మాలపేట మాది. అక్కకి జబ్బు చేసినప్పుడు నాన్న ఓ కామందు దగ్గర మూడొందలు అప్పు తెచ్చాడు. ఆయన అరుగు కింద నిలబెట్టి ఇద్దరి చేతా ప్రోనోటు మీద వేలిముద్రలు వేయించుకున్నాడు. "ఏం రాశారండయ్యా?" అని అమ్మ అడిగిందంట. "పొద్దెక్కిపోతంది, ఎయ్యవే వేలు. తెలుసుకుని నువ్వేం చేత్తావు?" అన్నాడంట. మూడొందలు కాయితం మీద మూడువేలయ్యాయి. నాన్న ఐదేళ్లు పాలేరుతనం చేసి తీర్చాడు. నేను హాస్టల్లో పురుగులన్నం తిని చదివింది ఆ కాయితం మీది కసితోనే. ఇంట్లోకి అక్షరం వస్తే ఇంకెవడూ మమ్మల్ని మోసం చెయ్యలేడనుకున్నాను.

అక్షరం వచ్చింది. దాని వెనకే కొత్త మోసమూ వచ్చింది.

2022లో మా అన్నయ్య కూతురు రాజమండ్రిలో డిగ్రీ చదువుతోంది. స్కాలర్‌షిప్ మంజూరైంది, పది నిమిషాల్లో వివరాలివ్వకపోతే రద్దవుతుంది అని ఫోనుకి మెసేజొచ్చింది. లింకు నొక్కింది. ప్రభుత్వ ముద్ర ఉంది, పైన తాళం బొమ్మ ఉంది. ఖాతా సరిచూడ్డానికి ఒక్క రూపాయి కట్టమంది. కార్డు నంబరు కొట్టింది, ఓటీపీ కొట్టింది. వదిన కువైట్‌లో పరాయి ఇళ్లల్లో అంట్లు తోమి పంపిన పద్దెనిమిది వేలూ పోయాయి.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు పిల్ల. అన్నం ముట్టలేదు. "చదువుకున్నదాన్ని కదా బాబాయ్, ఎలా చెప్పను?" అని ఏడ్చింది. బ్యాంకుకెళ్తే గుమాస్తా, "మీకెందుకమ్మా ఇయ్యన్నీ?" అన్నాడు. ఆ 'మీకు' అన్న మాటలో మా పేటంతా ఉంది.

వెంటనే 1930కి ఫోను చేసుంటే డబ్బు దొంగ చేతికి చేరకముందే ఆపే వీలుండేది. మా సిగ్గు వాడికి మూడు రోజుల గడువిచ్చింది. మోసం చేసినోడు సిగ్గుపడడు గానీ మోసపోయినోళ్లం మనం తలొంచుకుంటాం. ఈ అలవాటు మనకి ఎవరు నేర్పారో చెప్పక్కర్లేదు.

సంగతంతా విని అమ్మ ఒకటే అంది: "తొందరెట్టాడా? అయితే ఆడూ కామందే."

ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు అంబేద్కర్ బొమ్మ దగ్గర పిల్లలం, పెద్దలం కూచుంటాం. తాళం బొమ్మ ఉంటే మనం పంపేది దారిలో ఎవడూ చదవలేడని అర్థం, అవతలోడు మంచోడని కాదు. సైటు పేరులో మొదటి అడ్డగీతకి ముందున్న చివరి మాటలే దాని ఇంటిపేరు. ప్రభుత్వానిదైతే అక్కడ మామూలుగా జీఓవీ డాట్ ఇన్ అని ఉంటాది. బ్యాంకులు బ్యాంక్ డాట్ ఇన్ పేరులోకి మారాలని 2025లో రిజర్వు బ్యాంకు చెప్పింది. డబ్బు పుచ్చుకోడానికి యూపీఐ పిన్ను అక్కర్లేదు. "పిన్ను కొట్టు, డబ్బొస్తాది" అన్నాడంటే వాడు దొంగే.

వేలిముద్రకీ భద్రత లేదు. 2018లో తెలంగాణలో రిజిస్ట్రేషన్ కాయితాల మీది వేలిముద్రలకి నకళ్లు తీసి సిమ్‌లు పుట్టించినవాడు పట్టుబడ్డాడు. అది తెలిశాక అమ్మ ఆధార్‌లో వేలిముద్రలకి తాళం వేశాను. పింఛనిచ్చే ఒకటో తారీఖున ఆ కాసేపూ తెరుస్తాను.

మొన్న పింఛనివ్వడానికొచ్చిన కుర్రాడు వేలు పెట్టమన్నాడు. అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఉండు బాబూ. అందులో ఏం రాసుందో ముందు నా మనవరాలు చదవాలి" అంది.

పిల్ల గొంతెత్తి చదివింది. కుర్రాడు ఆగాడు. అంతా విన్నాకే అమ్మ వేలు పెట్టింది.