లాంటానా పొదల వద్ద ఒక శిష్యుడు

పిఠాపురంలో 1937లో జన్మించిన కృష్ణ ద్రోణంరాజు గారి పేరు మన ఇళ్లలో అంతగా వినబడదు. సుప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండును విడిచి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చినప్పుడు, ఆయన శిష్యరికం కోరి చేరిన యువకుడాయన. 1956లో ఈజిప్టుపై తన ప్రభుత్వం జరిపిన దాడిని హాల్డేన్ తన వలసకు ఒక కారణంగా చెప్పుకున్నారు.

ఖరీదైన యంత్రాలు లేకున్నా కళ్లు, ఓపిక, కాగితం ఉంటే శాస్త్ర పరిశోధన సాగుతుందని ఆ గురువు నమ్మకం. శిష్యుడు లాంటానా పొదల వద్ద నిలబడి, ఏ సీతాకోకచిలుక ఏ రంగు పువ్వుపై వాలుతున్నదో లెక్క వ్రాసుకున్నారు. మన విశాఖ కొండవాలులలో మేకలు కూడా ముట్టని ఆ ముళ్లపొదే! కొన్ని జాతులు గులాబీ రంగు పూలను, మరికొన్ని నారింజ రంగు పూలను ఎంచుకుంటున్నట్లు తేలింది. అలాగైతే ఒక రంగు పూల పుప్పొడి ఆ రంగు పూలకే చేరుతుంది. తరాలు గడిచేకొద్దీ, ఒకే చోట పెరిగే మొక్క రెండు జాతులుగా విడిపోవచ్చు. 1960లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన ఈ వ్యాసం శీర్షికలోనే, ఇది కారణం కావచ్చునన్న జాగ్రత్త ఉంది.

ఆ జాగ్రత్త మాకు పరిచితమే. ముఫ్తీ తన ఫత్వా చివర ‘వల్లాహు ఆలమ్’ అని వ్రాస్తారు. సహీహ్, హసన్, జయీఫ్ అనే తరగతులను హదీసు విద్యార్థులకు తొలి పాఠాలలోనే బోధిస్తాము.

ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడైన ఒక సోదరుడు గత మాసం మా వద్దకు వచ్చారు. ఆయన కుమార్తె మా మదరసాలోనే ఖుర్ఆన్ పఠనం నేర్చింది.

“హజ్రత్, అమ్మాయి డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతానంటోంది. అందులో జీవపరిణామం ఉందట. ఈమాన్ ఏమవుతుందోనని భయంగా ఉంది” అన్నారు.

ద్రోణంరాజు గారి సంగతి చెప్పాము. కళ్లతో చూసినదేదో, దాని నుండి ఊహించినదేదో వేరుచేయడం అమ్మాయిని నేర్చుకోనివ్వమన్నాము. మానవ సృష్టి విషయంలో మన విశ్వాసం స్పష్టమే. పూలపై వాలే చిలుకల లెక్క దానిని తాకదు.

“ఆ గురువు నాస్తికుడు కదా?” అన్నారాయన. అవును, నాస్తికుడే. తొమ్మిదవ శతాబ్దంలో బస్రాకు చెందిన అల్ జాహిజ్ తన ‘కితాబుల్ హయవాన్’లో అరిస్టాటిల్‌ను పదేపదే ఉటంకించాడు, పొసగనిచోట కాదన్నాడు. చదవకుండా కాదనలేదు.

హాల్డేన్ 1964లో భువనేశ్వర్‌లో మరణించగా, ఆయన కోరిక మేరకు భౌతికకాయం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. (దేహదానంపై ఉలమాల అభిప్రాయాలు వేరు, అది మరొక సంచికకు.) ద్రోణంరాజు గారు తరువాత అమెరికా వెళ్లి, మానవ జన్యుశాస్త్రంలో కృషి చేసి, గురువు జీవితంపై గ్రంథాలు వ్రాశారు.

ఆ సోదరుడు ఇంకా తల ఊపలేదు. అమ్మాయి తల్లి మాత్రం దరఖాస్తుకు కావలసిన ఫోటోలు తీయించి ఉంచిందట.